బియ్యం చౌక అయితే జొన్నలకేమయింది?

ఇబ్రహీంపట్నంలో మా ఇంటి ఎదురుగానే ఒక బడి ఉన్నది. నేను ఉద్యోగం విరమించి కొన్నేళ్ళు అయింది గాని, మధ్యాహ్నం గంట వినపడగానే ఇప్పటికీ నా కాళ్ళు వాటంతటవే వీధి అరుగు మీదికి నడుస్తాయి. పిల్లలు బిలబిలమంటూ గేటు దాటి వస్తారు. గేటుకు కుడివైపున జామకాయల బండి ఉంటుంది. ఎడమవైపున ఒక మామ్మ గోనెపట్టా పరుచుకుని రేగుపళ్ళు అమ్ముతుంది. ఒక ఏడు సంక్రాంతి సెలవుల తరవాత అక్కడ ఒక చిన్న సంగతి జరిగింది. ముందు అది చెప్పి, తరవాత పెద్ద సంగతికి వస్తాను.

అప్పుడు జామకాయ 10 రూపాయలు, గ్లాసెడు రేగుపళ్ళూ 10 రూపాయలే. ఒకనాడు బండివాడికి సరుకు మరీ ఎక్కువగా వచ్చింది. నిలవ ఉంటే కాయ మెత్తబడిపోతుంది. అందుచేత వాడు, "కాయ ఎనిమిదే! ఎనిమిదే!" అని కేకలు పెట్టసాగాడు. పిల్లలు బండి చుట్టూ మూగారు. నేను జీవితమంతా లెక్కలు చెప్పినవాణ్ణి కనుక అరుగు మీద కూర్చుని లెక్కపెట్టాను. ముందురోజు మామ్మ 40 గ్లాసుల పళ్ళు అమ్మింది. ఆ రోజు 30 గ్లాసులే అమ్మగలిగింది.

పాపం, ఆమె ధర పెంచలేదు. పళ్ళు పుచ్చిపోలేదు. పిల్లలను కసురుకోనూ లేదు. ఆమె చేసిన తప్పు ఏమీ లేకపోయినా, పక్కవాడు తన సరుకు ధర తగ్గించినందుకు ఆమె బేరం పడిపోయింది!

ఆ రోజు మరొక వింత కూడా చూశాను. జామకాయ కోసి చల్లి ఇచ్చే ఉప్పూకారం డబ్బా ప్రతిరోజూ సాయంత్రం దాకా వచ్చేది. ఆనాడు మధ్యాహ్నమే ఖాళీ అయిపోయింది. ఎదురుగా ఉన్న కొట్లో పెన్సిళ్ళ అమ్మకం మాత్రం ఎప్పటిలాగే ఉన్నది.

ఈ మూడూ మూడు రకాలు. ఒకదాని బదులు మరొకటి వాడుకోగలిగినవి, జామకాయా రేగుపళ్ళ వంటివి, ప్రత్యామ్నాయ వస్తువులు. ఒకటి చౌక అయితే రెండోదానికి గిరాకీ తగ్గుతుంది. కలిపి వాడుకునేవి, జామకాయా ఉప్పూకారం వంటివి, పూరక వస్తువులు. ఒకటి చౌక అయితే రెండోదానికి గిరాకీ పెరుగుతుంది. పెన్సిలుకూ జామకాయకూ సంబంధమే లేదు. అర్థశాస్త్రం చదివేవాళ్ళు ఈ సంబంధాన్ని కొలవటానికి ఒక కొలత పెట్టుకున్నారు. దాని పేరు కాస్త పొడుగు: జాత్యంతర డిమాండ్ వ్యాకోచత్వం. పేరు చూసి భయపడకండి, లెక్క అయిదో తరగతి లెక్కే. జామకాయ ధర 10 నుంచి 8కి వచ్చింది, అంటే నూటికి 20 తగ్గింది. రేగుపళ్ళ అమ్మకం 40 నుంచి 30కి వచ్చింది, అంటే నూటికి 25 తగ్గింది. 25ను 20 చేత భాగిస్తే 1.25 వస్తుంది. ఈ అంకె ఎంత పెద్దదైతే రెండు వస్తువుల మధ్యా పోటీ అంత గట్టిది. పెన్సిళ్ళకు ఈ లెక్క వేస్తే సున్న వస్తుంది. ఉప్పూకారానికి వేస్తే అంకెకు ముందు ఋణ చిహ్నం వస్తుంది. ఎందుకో మీరే ఆలోచించి చూడండి.

ఇక పెద్ద సంగతి. బడి గేటు దగ్గర నేను చూసినటువంటిదే ఒకప్పుడు రాష్ట్రమంతటా జరిగింది. అది జరిగినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు ఉంటాయి. ట్రెయినింగు పూర్తిచేసి, మైలవరానికి అవతల ఒక మెట్ట ఊళ్ళో కొత్తగా మేష్టరునయ్యాను.

మెట్ట ఊరు అంటే ఏమిటో డెల్టా పిల్లలకు చెప్పాలి. కృష్ణ మా ఇబ్రహీంపట్నం పక్కగా పారి విజయవాడ చేరుతుంది. 1855లో పూర్తి అయిన ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ అక్కడ ఉన్నది. బందరు కాలువా, ఏలూరు కాలువా అక్కడే పుడతాయి. నీరు పల్లానికి పోతుంది గాని మిట్టకు రాదు గదా! కనుక బ్యారేజీకి దిగువన వరిచేలు, ఎగువన మైలవరం, తిరువూరు, నందిగామ వైపు వానమీద ఆధారపడిన చేలు. దిగువవాళ్ళు వరి అన్నం తినేవాళ్ళు. ఎగువన చాలా ఇళ్ళల్లో జొన్న అన్నమే. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదిలాక ఎడమ కాలువ మేలు చేత ఎగువన కూడా కొన్ని ఊళ్ళల్లో వరి మొదలయింది. మా ఊరికి ఆ నీరు రాలేదు.

జొన్న అన్నం వండటం సామాన్యమైన పని కాదు. నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ తెల్లవారు జామునే లేచి, జొన్నలు తడిపి, రోట్లో పోసి దంచేది. తవుడు చెరిగి, తిరగట్లో రవ్వగా విసిరి, అప్పుడు ఎసట్లో పోసేది. ఇంత చేసినా అన్నం చల్లారితే గట్టిపడిపోతుంది. మజ్జిగ పోసుకునో గోంగూర పచ్చడి నంజుకునో తినేవాళ్ళం. ఆ ఇంట్లో వరి అన్నం వండితే ఉగాది అయినా కావాలి, చుట్టాలైనా రావాలి. పిల్లలు, "ఇవాళ మా ఇంట్లో వరి అన్నం!" అని బళ్ళోకి వచ్చి గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

1983 జనవరి 9న నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏప్రిల్ నెలలో ఆంధ్రప్రదేశ్‌లో బీద కుటుంబాలకు కిలో బియ్యం రెండు రూపాయలకే ఇచ్చే పథకం మొదలయింది. అప్పటికి తెలంగాణ కూడా మన రాష్ట్రంలోనే ఉన్నది. మనిషికి 5 కిలోలు, కుటుంబానికి మించితే 25 కిలోలు. బజారు ధర అంతకంటె బాగా ఎక్కువగా ఉండేది. తేడా సొమ్ము ప్రభుత్వం తన ఖజానాలో నుంచి భరించేది.

మా ఊళ్ళో చౌక దుకాణం ముందు మొదటి రోజు వరస నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉన్నది. కార్డులు చేత పట్టుకుని, సంచులు భుజాన వేసుకుని, ఎండను లెక్కచేయకుండా నిలబడ్డారు. మా ఇంటి పెద్దావిడ బియ్యం చేటలో పోసి వేళ్ళతో కెలికి చూసుకుని, "మేష్టారూ, ఇక మాకు రోజూ పండగే," అన్నది. పథకం గురించి తరవాత ఎందరో ఎన్నో విధాల వాదించారు. నేను ఎవరి వాదం విన్నా ముందు ఆ మాట గుర్తు తెచ్చుకునే వింటాను. పస్తులుండే ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. బళ్ళో మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి పడిపోయే పిల్లలు తగ్గారు.

ఆ ఊళ్ళోనే జొన్నలమ్మే షావుకారు ఒకాయన ఉండేవాడు. రెండు మూడు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం నేను సబ్బు కొనటానికి పోతే ఆయన జొన్న బస్తాల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమండీ, బేరాలు లేవా?" అన్నాను.

"మేష్టారూ, నేను జొన్నల ధర పైసా పెంచలేదు. అయినా అందరూ 'జొన్నలు ప్రియం' అంటున్నారు. ఇదేం చోద్యం?" అన్నాడాయన.

ఆయన ప్రశ్నకు అప్పుడు నాకు సమాధానం తోచలేదు. ఇంటికి పోయి పలక మీద లెక్క వేసుకున్నాను. లెక్క తేలికగా ఉండటానికి, బజారులో బియ్యం కిలో 4 రూపాయలు, జొన్నలు కిలో 2 రూపాయలు అనుకోండి. అప్పుడు ఒక కిలో బియ్యం కొనాలంటే రెండు కిలోల జొన్నలు వదులుకోవాలి. కడుపు నిండవలసిన ఇల్లాలు జొన్నలే కొంటుంది. ఇప్పుడు బియ్యం 2 రూపాయలకు వచ్చింది. ఒక కిలో బియ్యానికి ఒక కిలో జొన్నలే వదులుకుంటే చాలు. షావుకారు కొట్లో జొన్నల ధర మారలేదు గాని, బియ్యంతో పోల్చి చూస్తే రెట్టింపయింది! ధర అనేది ఒక వస్తువు మీద ఒంటరిగా వేలాడే చీటీ అనుకుంటాం. కాని కొనేవాడు పక్క వస్తువు చీటీ కూడా చూస్తాడు. మర్నాడు ఈ లెక్క షావుకారుకు చెప్పాను. ఆయన, "లెక్క బాగానే ఉంది, బస్తాలు మాత్రం కదలటం లేదు," అన్నాడు.

ఇంకొక సంగతి. అదే లెక్క ప్రకారం, అంతకు ముందు ఆ 25 కిలోల బియ్యం బజారులో కొనుక్కునే ఇంట్లో నెలకు 50 రూపాయలు మిగులుతాయి. ఆ డబ్బు ఊరికే ఉండదు గదా! కొందరు కందిపప్పు కొన్నారు, కొందరు పిల్లవాడికి చెప్పులు కొన్నారు. మా షావుకారు కొట్లోనే జొన్నలు కదలకపోయినా పప్పూ నూనే కాస్త ఎక్కువగా పోయాయి. అనగా ధర తగ్గినప్పుడు రెండు పనులు జరుగుతాయి. మనిషి చౌక సరుకు వైపు తిరుగుతాడు. మిగిలిన డబ్బుతో మరింత ఇష్టమైన సరుకు వైపు కూడా తిరుగుతాడు.

ఈ రెండో పని ఒక్కొక్కప్పుడు మొదటిదాన్ని తలకిందులు చేస్తుంది! చైనాలో హూనాన్ అనే రాష్ట్రం ఉన్నది. అక్కడి బీదవాళ్ళకు వరి అన్నమే చవకైన తిండి. రాబర్ట్ జెన్సెన్, నోలన్ మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడ కొన్ని బీద కుటుంబాలకు కొన్ని నెలలపాటు బియ్యం ధర తగ్గేటట్టు చీటీలు ఇచ్చి చూశారు. బియ్యం చౌక అయితే ఎక్కువ తింటారని మీరు అనుకుంటారు. వాళ్ళు తక్కువ తిన్నారు! బియ్యం మీద మిగిలిన డబ్బుతో వేరే రుచికరమైన తిండి కొనుక్కున్నారు. ఈ సంగతి 2008లో అచ్చయింది. మా మెట్ట ఊళ్ళో పండగ తిండి బియ్యం. హూనాన్‌లో రోజువారీ తిండి బియ్యం. అందుకే ఒకే బియ్యం, ఒకే ధర తగ్గింపు, రెండు చోట్లా రెండు ఫలితాలు. కొత్తగా అర్థశాస్త్రం చదివే పెద్ద పిల్లలు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. ఒక వస్తువు దేనికి పోటీయో ఆ వస్తువును చూస్తే తెలియదు. తినేవాళ్ళ ఇల్లు చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు షావుకారును వదిలి, ఆయనకు జొన్నలు తెచ్చి పోసే రైతు దగ్గరికి పోదాం.

బండివాడు జామకాయ ధర తగ్గిస్తే, మామ్మ కూడా గ్లాసు 8కి ఇవ్వవచ్చు. నిజానికి రెండో రోజు ఆమె అలాగే చేసింది. మూడో రోజు రేగుపళ్ళు మానేసి తేగలు తెచ్చి కూర్చున్నది! జొన్న రైతు ధర ఎంతవరకు తగ్గించగలడు? విత్తనం, కూలీ, కోత, బండి కిరాయి పోను ఏదో మిగలాలి గదా. అవతల బియ్యానికి తేడా సొమ్ము ప్రభుత్వం ఇస్తున్నది. జొన్నకు ఇచ్చేవారు లేరు. కనుక అతను కూడా మామ్మ చేసిన పనే చేశాడు. ఏటికేడు జొన్న తగ్గించుకుంటూ, ఆ చేలో పత్తీ మిరపా వేశాడు.

న్యాయంగా చెప్పాలంటే నేరమంతా రెండు రూపాయల బియ్యం మీద వేయటం తగదు. జొన్న అంతకు ముందునుంచే తగ్గుతున్నది. సాగర్ నీరు వచ్చిన చోట వరి వచ్చింది. పత్తికి డబ్బు ఎక్కువ కనపడింది. దంచే ఓపిక ఆడవాళ్ళకు సన్నగిల్లింది, వాళ్ళను తప్పుపట్టే హక్కు రోకలి ఎత్తని మగవాళ్ళకు లేదు. దేశం మొత్తం మీద 1960 ప్రాంతంలో సుమారు 1 కోటి 80 లక్షల హెక్టార్లలో జొన్న వేసేవారు. ఈ మధ్య అది నాలుగో వంతుకు అటూ ఇటూగా మిగిలింది. రెండు రూపాయల బియ్యం లేని రాష్ట్రాల్లో కూడా తగ్గింది. వాలుగా ఉన్న బండిని చౌక బియ్యం ఇంకొక తోపు తోసిందని నా అభిప్రాయం.

జొన్న పోతే గింజ ఒక్కటే పోలేదు. జొన్నచొప్ప పశువులకు బలమైన మేత. గింజ మనిషికీ చొప్ప గొడ్డుకూ అని రైతులు జొన్న వేసేవాళ్ళు. జొన్న మానేసిన రైతు ఎద్దులకు డెల్టా నుంచి వరిగడ్డి కొనుక్కోవలసి వచ్చింది. కొందరు ఆ ఖర్చు పెట్టలేక ఎద్దులనే అమ్ముకున్నారు. బియ్యం ధర తగ్గించిన రోజున దీనివల్ల ఎద్దులకు ఏమవుతుందని ఆలోచించినవారు మా ఊళ్ళో ఒక్కరూ లేరు. నేనూ ఆలోచించలేదు.

పోటీ వస్తువు నిలబడి ఉంటే మనుషులు తిరిగి దాని దగ్గరికి పోవచ్చు. మీకు తెలిసిన ఉదాహరణ చెబుతాను. 2016 సెప్టెంబరు 5న జియో ఫోను కంపెనీ వచ్చి, 2017 మార్చి ఆఖరు దాకా మాటలూ ఇంటర్నెట్టూ దాదాపు ఊరికే ఇచ్చింది. తక్కిన కంపెనీలు కూడా గబగబా ధరలు తగ్గించాయి. తట్టుకోలేనివి కొన్ని మూతపడ్డాయి. 2018లో వొడాఫోన్, ఐడియా ఒకటైపోయాయి. పోటీదార్లు కొద్దిమందే మిగిలాక, 2019 డిసెంబరులో ధరలు పెరిగాయి. 2024 జూలైలో మళ్ళీ పెరిగినప్పుడు లక్షలమంది బి.ఎస్.ఎన్.ఎల్.కు మారారు. ఎందుకు మారగలిగారు? ఆ కంపెనీ ఇంకా ఉన్నది కనుక, దాని టవర్లు ఇంకా నిలిచి ఉన్నాయి కనుక.

జొన్న సంగతి అలా కాలేదు. మధ్యలో కొన్నేళ్ళు చౌక బియ్యం ధర పెంచారు. అయినా జనం జొన్నకు తిరిగి రాలేదు. రోళ్ళు పెరట్లో బోర్లించి ఉన్నాయి. విత్తనం దాచుకున్న ఇళ్ళు తక్కువ. కొత్త కోడళ్ళకు ఆ వంట తెలియదు. నోటికి వరి అలవాటయింది. 2008లో మళ్ళీ రెండు రూపాయలకు వచ్చింది, 2011 నవంబరులో రూపాయికి దిగింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రతా చట్టం కింద కార్డులున్నవారికి ఊరికే ఇస్తున్నారు. ఊరికే వచ్చేదానితో ఏ గింజ పోటీ చేయగలదు? జొన్న పూర్తిగా పోలేదు లెండి. గుంటూరు వైపు వరి కోసిన మాగాణుల్లో ఇప్పటికీ వేస్తున్నారు. అందులో కొంత కోళ్ళ దాణాకు పోతుంది. మనం మానేసిన తిండి కోళ్ళు మానలేదు!

ఆ 2023 సంవత్సరాన్నే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. జొన్నలూ రాగులూ కొర్రలూ మంచివని డాక్టర్లు చెప్పటం, పేపర్లు రాయటం ఎక్కువయింది. నాకు ఒంట్లో చక్కెర కాస్త ఎక్కువయిందని మా డాక్టరు కూడా రాత్రిళ్ళు జొన్న రొట్టె తినమన్నాడు. ఇబ్రహీంపట్నం బజారుకు పోయి అడిగితే, కొట్టువాడు పై అరలో నుంచి అందమైన పొట్లం ఒకటి దించాడు. అర కిలో. ధర చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మేము ఇంట్లో వండుకునే సన్నబియ్యం కంటె ఎక్కువ! పండించేవారు తగ్గిపోయారు, కావలసినవారు పెరుగుతున్నారు. షావుకారు బ్రతికి ఉంటే ఈ లెక్క ఆయనే నాకు చెప్పి ఉండేవాడు.

ఆ రాత్రి మా ఇంట్లో జొన్న రొట్టె కాలుతూంటే, సెలవులకు వచ్చిన మా మనమరాలు పొయ్యి దగ్గరికి వచ్చి వాసన చూసింది. పొట్లం చేతిలోకి తీసుకుని వెనక రాసిన ధర చదివింది.

"తాతయ్యా, ఇవాళ ఏం పండగ?" అని అడిగింది.